పాత టీవీ గేము మరమ్మతు – మూడవ పాఠం: చెడిన బొమ్మను చదవడం

గత పాఠంలో అడాప్టరు నుంచి 7805 రెగ్యులేటరు దాకా వచ్చి, బోర్డు మీద 5 వోల్టులు నిలకడగా అందుతున్నాయో లేదో మల్టీమీటరుతో చూడడం నేర్చుకున్నాము. ఆ సరఫరా బాగానే ఉండి, టీవీ మీద బొమ్మ వస్తూ, అది మాత్రం చెదిరిపోయి ఉన్న పెట్టెలను ఇప్పుడు తీసుకుందాము. ఈ పాఠం 1983లో జపానులో విడుదలైన నింటెండో ఫామికామ్‌కూ, దాని నమూనాలోనే తయారై మన ఇళ్లకు చేరిన 60 కాళ్ల క్యాసెట్ల పెట్టెలకూ వర్తిస్తుంది. ముఖ్యమైన చిప్పులన్నీ ఒక్క నల్లని జిగురు బొట్టు కింద ఇమిడిపోయిన బోర్డులో మాత్రం సరఫరా, క్యాసెట్ సాకెట్ తప్ప బాగుచేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

తెర మీద కనిపించే బొమ్మ ఒక్కచోట నుంచి రాదు. ఆకాశం, గోడలు, నేల, పైన స్కోరు అంకెలు కలిసి నేపథ్యం; పరుగెత్తే వీరుడు, శత్రువులు, తూటాలు కదిలే బొమ్మలు. నేపథ్యంలో ఏ గడిలో ఏ ముక్క పెట్టాలో తెలిపే పట్టిక బొమ్మను తయారుచేసే వీడియో చిప్పుకు బయట ఉన్న 2 కిలోబైట్ల ర్యామ్‌లో (తాత్కాలికంగా గుర్తుంచుకునే చిప్పులో) ఉంటుంది. కదిలే బొమ్మల స్థానాల పట్టిక, మొత్తం 64 బొమ్మలకు సరిపడేది, వీడియో చిప్పు లోపలే ఉంటుంది. ఈ రెండింటికీ కావలసిన చుక్కల రూపాలు మాత్రం క్యాసెట్ నుంచి వస్తాయి. ఈ ఒక్క విషయం మనసుకు పట్టిందంటే, టంకపు కడ్డీ వేడెక్కకముందే లోపం ఎటువైపు ఉందో సగం తెలిసిపోతుంది.

వీరుడు చక్కగా ఉండి, వెనుక గోడలూ అంకెలూ తారుమారైతే ఆ బయటి ర్యామ్‌నూ, అందులో ఏ చోటు చదవాలో తెలిపే చిరునామాను 74ఎల్‌ఎస్373 చిప్పు నుంచి దానికి అందించే దారులనూ అనుమానించాలి. నేపథ్యమూ కదిలే బొమ్మలూ రెండూ ఒకేలా చెడితే చూపు క్యాసెట్ వైపు మళ్లాలి. అందులోనూ తేడా ఉంది. ఒక బైటులోని 8 బిట్లు అడ్డంగా వరుసగా ఉండే 8 చుక్కలకు చెందుతాయి కనుక, ఆ బిట్లను క్యాసెట్ నుంచి తెచ్చే డేటా తీగల్లో ఒక్కటి తెగితే ప్రతి 8 చుక్కలకు ఒక నిలువు గీత చొప్పున నేపథ్యమంతా గీతలు పడతాయి. ఏ బైటు కావాలో క్యాసెట్‌కు తెలిపే చిరునామా తీగ తెగితే గీతలు రావు. ఒక ముక్క ఉండవలసిన చోట వేరొక ముక్క వస్తుంది, లేదా ముక్కలోని వరుసలే రెండేసి సార్లు కనిపిస్తాయి.

మన జిల్లాల్లో ఈ గీతల లోపం ఎక్కువగా సాకెట్ దగ్గరే దొరుకుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి వెళ్లాక, సంతబొమ్మాళి వైపు నుంచి ఒక పెట్టె విజయనగరంలో నా బల్ల మీదకు వచ్చింది. వీడియో చిప్పు పోయిందని చెప్పి అంతకుముందే ఒకచోట తిప్పి పంపేశారట. తెర నిండా నిలువు గీతలున్నాయి. సాకెట్‌లో మూడు కాళ్లకు ఉప్పుగాలి వల్ల పచ్చని చిలుము పట్టి ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో నాలుగైదు సార్లు తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి క్యాసెట్ పెట్టగానే గీతలన్నీ పోయాయి. క్యాసెట్ అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దవచ్చు. ఉప్పుకాగితం మాత్రం ఎన్నడూ వాడవద్దు, పైపూత లేచిపోతే ఆ కాలు మళ్లీ త్వరగా చిలుము పడుతుంది.

తుడిచినా పోకపోతే, కరెంటు తీసేసి, మల్టీమీటరును బజరు మీద పెట్టి, సాకెట్ కాలు నుంచి వీడియో చిప్పు వైపు వెళ్లే ఒక్కొక్క దారినీ పరీక్షించండి. శబ్దం రాని దారిని కాగితం మీద గుర్తు పెట్టుకోండి. తెగిన ఆ దారిని సన్నని తీగతో కలపడం, ర్యామ్‌ను బోర్డు చెడకుండా ఊడదీయడం నాలుగవ పాఠంలో చేద్దాము.