లాటిన్‌లో ఇల్లు, ఊరు, దేశం: ఈ పదాలను ఎలా నేర్చుకోవాలి?

ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద పూడిపోయిన పొంపెయ్యీ నగరంలోని ఏదైనా ఒక ఇంటి ప్లాను ఉంటే చాలు. అక్షరక్రమంలో అచ్చువేసిన పదాల పట్టికను మాత్రం పక్కన పెట్టండి. దానితో మొదలుపెట్టినవారికి వారం తిరిగేసరికి గుర్తుండేది మొదటి పుట ఒక్కటే.

మొదట ఇంట్లోకి నడవండి. ప్లాను మీద వేలు పెట్టి, వీధి తలుపు యానువ, సన్నని నడవ ఫౌకేస్, నడిమి హాలు ఆత్రియుమ్, వంటిల్లు కులీన, భోజనశాల త్రిక్లీనియుమ్, పడకగది కుబికులుమ్ అని పైకి పలుకుతూ సాగండి. గోదావరి జిల్లాల మండువా లోగిలి చూసినవారికి ఆత్రియుమ్‌ను వివరించనక్కరలేదు: కప్పు మధ్యలో ఆకాశం కనిపించే ఖాళీ కొంప్లువియుమ్, అక్కడినుంచి పడే వాన నీటిని పట్టే కింది తొట్టి ఇంప్లువియుమ్. ఇల్లు అనే అర్థంగల దొముస్ కూడా మనకు పరాయిది కాదు. దంపతి అనే మాటలో, ఇల్లు అనే అర్థంలో దాగి ఉన్న 'దమ్' దీనికి తోబుట్టువే.

తరువాత వీధిలోకి రండి. ఈన్సుల అంటే ద్వీపం. అద్దె వాటాలుండే అంతస్తుల భవనానికీ అదే పేరు. వీల్ల అనగానే మన నగర శివార్లలో గేటు వేసి అమ్ముతున్న విల్లాలను తలచుకోకండి, అది పొలాల నడుమ ఉండే ఇల్లు. నగరం ఉర్బ్స్, నది ఫ్లూమెన్, కొండ మోన్స్. ఇవి రెండు రోజుల పని.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. చాలామంది చేతులారా పాడుచేసుకునేదీ ఇక్కడే. స్థలవాచకాన్ని ఒంటరిగా కాక 'కు, లో, నుంచి' అనే మూడు రూపాలతో కలిపి నేర్చుకోవాలి. మామూలు పదాలకు ముందు ఒక విభక్తి పదం వస్తుంది: నగరంలోకి అంటే ఇన్ ఉర్బెమ్, నగరంలో అంటే ఇన్ ఉర్బె. ఊరి పేర్లకూ, చిన్న ద్వీపాల పేర్లకూ, దొముస్‌కూ, పల్లె అనే అర్థంగల రూస్‌కూ అది రాదు. రోముకు రోమమ్, రోములో రోమై, రోమునుంచి రోమా. ఇంటికి దొముమ్, ఇంట్లో దొమీ, ఇంటినుంచి దొమో. 'ఇన్ రోమా' అని రాసిన నోటుపుస్తకాలను ఎన్ని దిద్దానో లెక్కలేదు. 'అద్ రోమమ్' అనడం ఇంకా మోసకరం, ఎందుకంటే అది తప్పులా కనిపించదు, కానీ రోము దరిదాపులకు అనే అర్థమిస్తుంది. మనమూ 'గుంటూరు వెళ్ళాను' అని 'కు' లేకుండానే అంటాం, 'కొండ వెళ్ళాను' అని మాత్రం అనం కదా; ఆ చెవినే ఇక్కడా నమ్ముకోండి. అయితే ఆ పోలిక 'కు' దగ్గరే ఆగిపోతుంది.

మరొక జాగ్రత్త: పేరు బహువచనమైతే 'లో', 'నుంచి' రూపాలు ఒకటే అవుతాయి. అథేనీస్ అంటే ఏథెన్సులో అని కావచ్చు, ఏథెన్సునుంచి అని కావచ్చు; క్రియను చూడకుండా తేల్చకూడదు. సిసిలీ పెద్ద ద్వీపం గనుక దానికి ఇన్ తప్పదు.

ఈ రూపాలను ముందు తెలుగు లిపిలోనే రాయాలి. మామూలుగా అచ్చయ్యే రోమన్ లిపిలో రోమ, రోమా ఒకేలా ఉంటాయి. మన దీర్ఘం ఆ తేడాను కంటికి చూపిస్తుంది. ఫోనులో బొమ్మలు నొక్కి నేర్చుకునే యాప్‌లు ఈ తేడాను పట్టించుకోగా నేను చూడలేదు.

చివరగా, ఒక మనిషి ఇంటినుంచి బయలుదేరి, రోమునుంచి పొంపెయ్యీకి వెళ్ళి, అక్కడ ఉండి, తిరిగి ఇంటికి వచ్చినట్టు రాయండి: దొమో, రోమా, పొంపెయ్యోస్, పొంపెయ్యీస్, దొముమ్. వీటిలో ఎక్కడైనా ఒక 'ఇన్' దూరి ఉంటే ఆ పుట చింపి మళ్ళీ మొదటినుంచి రాయండి.