తొలకరికి ముందే: ఇంట్లో మామిడి అంటు కట్టబోయేవారికి జాగ్రత్తలు

విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో పాత పెరడు ఒక్కోటి ఒక్కో మామిడి చెట్టుకు పేరు. తాతల నాటి సువర్ణరేఖ ముసలిదైపోతుంది, కొత్తగా కట్టుకున్న ఇంటి ముందు అదే చెట్టు కావాలనిపిస్తుంది. టెంక పాతితే మొక్క వస్తుంది కానీ ఆ రంగు, ఆ రుచి వస్తాయన్న హామీ లేదు. అందుకే అంటు కట్టాలి. తొలకరి నిలదొక్కుకుని గాలిలో తేమ పెరిగే జూలై, ఆగస్టు నెలలు, అంటే పునర్వసు మొదలు మఖ కార్తె దాకా, మన ప్రాంతంలో దీనికి మంచి అదను. కొత్తవారి అంటు చాలాసార్లు చనిపోయేది కత్తి సరిగ్గా ఆడక కాదు. ముందు చేయాల్సిన పని చేయక, తర్వాత ఆగాల్సిన చోట ఆగక.

మొదటి జాగ్రత్త ఫోనులో చూసే వీడియోల విషయంలో. వాటిలో చాలా భాగం యాపిల్ అంటువి. హిమాచల్, కాశ్మీర్‌లలో యాపిల్ చెట్టు చలికాలంలో ఆకంతా రాల్చి నిద్రలోకి వెళ్తుంది. అప్పుడు కోసిన పుల్లలను తడి గుడ్డలో చుట్టి చల్లని చోట వారాల తరబడి దాచి, చలి తగ్గి మొగ్గలు కదిలే వేళకు కడతారు. ఆ పద్ధతి ఆ చెట్టుకు సరైనదే. మామిడి అలా నిద్రపోదు, ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. దాని పుల్లను ఫ్రిజ్‌లో వారాలు దాచితే ఎండుపుల్లే మిగులుతుంది. జనవరిలో మన చెట్లు పూత మీద ఉంటాయి, అప్పుడు కోసిన కొమ్మ పనికిరాదు. యాపిల్ వీడియోలో కోత పెట్టే తీరు చూసి నేర్చుకోండి, నెలను మాత్రం అక్కడి నుంచి తెచ్చుకోవద్దు.

తల్లి చెట్టును వానల్లో కాదు, మే నెలలో కాయ చెట్టు మీద ఉండగానే ఎంచుకోవాలి. ఏటా కాసేదా, కాయ పగలకుండా నిలుస్తుందా, కొమ్మలకు తెగులు ఉందా అన్నది అప్పుడే కనిపిస్తుంది. పొరుగువారి చెట్టయితే ముందే అడిగి, ఏ కొమ్మలు తీసుకుంటారో చూపించండి. అడగకుండా కోసిన పుల్ల దగ్గర మొదలైన మాట ఏళ్ల తరబడి సాగుతుంది.

ఇక అసలు విషయం. అంటు కట్టే రోజుకు పది రోజుల ముందు తల్లి చెట్టు దగ్గర ఒక పని ఉంది. మూడు నాలుగు నెలల వయసున్న, పెన్సిలంత లావున్న, చివరి మొగ్గ ఇంకా విచ్చుకోని కొమ్మలను ఎంచి, కొమ్మ చెట్టు మీద ఉండగానే ఆకులను కోసేయాలి. లాగకూడదు, లాగితే బెరడు చీరుకుపోతుంది. తొడిమ కాస్త మిగిలేలా సికేచర్‌తో, అంటే కొమ్మలు కత్తిరించే కత్తెరతో, కత్తిరించాలి. ఆకు లేకపోయేసరికి కొమ్మలోని బలం మొగ్గలకు చేరుతుంది. వారం, పది రోజులకు వెళ్లి ఆ తొడిమ ముక్కను వేలితో తాకండి. తాకగానే రాలిపోయి, దాని పక్కన మొగ్గ ఉబ్బి కనిపిస్తే పుల్ల సిద్ధం. గట్టిగా పట్టుకుని ఉంటే ఇంకా రెండు రోజులు ఆగండి. మొగ్గ విచ్చి లేత ఆకు బయటపడితే ఆ కొమ్మను వదిలేసి మరొకటి చూసుకోండి. ఈ పనికి ఖర్చు లేదు, నైపుణ్యం అక్కరలేదు. అయినా కొత్తవారు ఎక్కువగా వదిలేసేది దీన్నే.

చెట్టు ఎక్కే ముందు పైకి చూడండి. కొమ్మల్లోంచి కరెంటు తీగలు వెళ్తుంటే ఇనుప, అల్యూమినియం గెడలు దగ్గరికి తేవద్దు, తడి చెట్టు అసలే ఎక్కవద్దు. మన రెండు జిల్లాల్లో తొలకరి ఉరుములతో, పిడుగులతో వస్తుంది. దూరంగా ఉరుము వినిపించినా పని ఆపి ఇంట్లోకి రావాలి. పిడుగుల సమయంలో చెట్టు కింద నిలబడటం అన్నిటికన్నా ప్రమాదం. ఫోనులో దామిని యాప్ ఉంటే మీ చుట్టుపక్కల పిడుగులు పడే సూచన ముందే తెలుస్తుంది.

మామిడి సొనను తేలిగ్గా తీసుకోవద్దు. కొందరికి చర్మం మంట పెట్టి బొబ్బలెక్కుతుంది. పలాస వైపు జీడి పిక్కల పనిలో ఉన్నవారికి జీడి రసం సంగతి బాగా తెలుసు. మామిడి, జీడిమామిడి ఒకే కుటుంబం చెట్లు. చేతికి కొబ్బరినూనె రాసుకుని మొదలుపెట్టండి, సొన అంటిన చేత్తో కళ్లు తుడుచుకోవద్దు, పని కాగానే సబ్బుతో కడుక్కోండి.

కత్తి విషయంలో నా మాట కాస్త గట్టిగానే ఉంటుంది. మొద్దు కత్తి పదునైన కత్తికన్నా ప్రమాదకరం, ఎందుకంటే దానికి బలం పెట్టాలి, బలం పెట్టినప్పుడే అది జారుతుంది. విరిచిన సగం బ్లేడును వేళ్ల మధ్య పట్టుకుని కోయడం మానండి. అలవాటైన నర్సరీ పనివారు కత్తిని బొటనవేలి వైపు లాగి కోస్తారు, ఆ తీరు కొత్తవారికి వద్దు. అంచు మీ నుంచి దూరంగా వెళ్లేలా కోయండి. పారేసే మామిడి కొమ్మల మీద ముందు చేయి తిరగనివ్వండి. సాధనకు గన్నేరు కొమ్మలు తీసుకోవద్దు, దాని పాలు విషం. చేయి తెగితే సబ్బు నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. గాయం లోతుగా ఉంటే ఆసుపత్రికి వెళ్లి ధనుర్వాతం టీకా గురించి అడగండి, మట్టిలో పని చేసే చేతులివి. పిల్లలను చూడనివ్వండి కానీ కత్తి ఇవ్వకండి.

పుల్లను అతికించే కింది మొక్కే వేరు మొక్క. నాటు టెంక నుంచి వచ్చి, ఏడాది దాకా సంచిలో పెరిగినది దీనికి మంచిది. అంటు పుల్లా, వేరు మొక్క కాండమూ ఇంచుమించు ఒకే లావు ఉండాలి. కాండం పై భాగంలో రాగి రంగు ఆకులతో లేతగా ఉన్నచోట తల కోసి, కింద నాలుగైదు ఆకులు ఉంచాలి. మధ్యగా ఒకటిన్నర అంగుళాల చీలిక పెట్టాలి. పుల్ల కింది భాగాన్ని రెండు వైపులా అంతే పొడవున, కిందికి సన్నబడేలా చెక్కాలి. ఒకే ఊపులో వచ్చిన నునుపైన కోత కావాలి, చెక్కి చెక్కి సరిచేసిన కోత అతకదు. బెరడుకూ చెక్కకూ మధ్య పచ్చగా, తడిగా మెరిసే పలచని పొర ఉంటుంది. రెండు వైపులా కుదరకపోతే ఒక వైపైనా ఆ పొర ఆ పొరకే తగలాలి. అతికేది అక్కడే. కోసిన చోటును వేలితో ముట్టుకోవద్దు, నోటితో ఊదవద్దు. ప్రతి మొక్కకూ ముందు కత్తిని స్పిరిట్‌తో తుడవండి. పుల్లలను లీటరు నీటికి ఒక గ్రాము కార్బెండజిమ్ కలిపిన ద్రావణంలో ముంచితే శిలీంద్రం బెడద తగ్గుతుంది. దానికి గ్లౌజులు వేసుకోండి, ఆ గిన్నెను మళ్లీ వంటింట్లోకి తేవద్దు. పుల్లలు కోసిన రోజే కట్టడం మేలు.

పాలిథిన్ పట్టీతో కింది నుంచి పైకి నీరు దిగకుండా బిగించి చుట్టి, పైన సన్నని పాలిథిన్ తొడుగు వేసి కింద కట్టండి. మొక్కను నీడలో ఉంచండి. ఒక్క పూట ఎండ తగిలినా తొడుగు లోపల పుల్ల ఉడికిపోతుంది. ఇక రోజూ విప్పి చూడాలనే ఆత్రం పనికిరాదు. రెండు, మూడు వారాల్లో తొడుగు లోపల చిగురు కనిపిస్తుంది. అది కాస్త సాగాకే, మబ్బు పట్టిన సాయంత్రం చూసి తొడుగు తీయండి. అంటు కింద నుంచి వచ్చే చిగుళ్లను మాత్రం ఎప్పటికప్పుడు గిల్లేయాలి. అవి నాటు మొక్కవి. పుష్టిగా పెరుగుతున్నాయని మురిసి వదిలేస్తే, పైనున్న సువర్ణరేఖ ఆకలితో ఎండిపోతుంది. రెండు మూడు నెలలకు అతుకు గట్టిపడ్డాక పట్టీని విప్పాలి. మరిచిపోతే అది కాండంలోకి కోసుకుపోతుంది.

వానాకాలంలో సంచుల వరుసల మధ్య పాములు, తేళ్లు చేరతాయి. కట్లపాము రాత్రివేళ తిరుగుతుంది. చీకట్లో చేయి పెట్టవద్దు, సంచిని ముందు కర్రతో కదిపి చూడండి. కాటు పడితే కోయడం, కట్టు బిగించడం, నాటు మందు వద్దు. మనిషిని కదలకుండా ఉంచి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్ల భయం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ తీరాన్ని తాకాయి. తిత్లీకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. లేత అంటుకు గాలిలో మొదట విరిగేది అతుకు దగ్గరే. అందుకే ఈ ఏడాది కట్టిన మొక్కలను అప్పుడే భూమిలో నాటకుండా సంచుల్లోనే ఉంచి, హెచ్చరిక రాగానే గోడ చాటుకు చేర్చి, ఒకదానికొకటి ఆనించండి. నిరుడు నాటిన వాటికి రెండు వైపులా కర్రలు పాతి, అతుకుకు పైనా కిందా మెత్తని గుడ్డ పేలికలతో వదులుగా కట్టండి. గాలి తగ్గాక గుంతల్లో నిలిచిన నీటిని అదే రోజు కాలువ తీసి వదిలేయాలి.