రాగిని పసిగట్టే ప్రమోటర్‌ను ప్రామాణిక భాగంగా తయారుచేయడం ఎలా?

రాగి చెంబులో రాత్రంతా ఉంచిన నీటిలోకి ఎంత రాగి దిగిందో బ్యాక్టీరియా చేతనే చెప్పించాలనుకునే తిరుపతి బయోటెక్నాలజీ విద్యార్థులు ఇ. కోలైలోని కాప్-ఏ జన్యువు ప్రమోటర్‌తో మొదలుపెట్టవచ్చు. జన్యువును చదవడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే ఈ డీఎన్‌ఏ ముక్కలో −35, −10 అనే గుర్తుల మధ్య అనువైన 17 అక్షరాలకు బదులు 19 ఉంటాయి. అందువల్ల జన్యువును చదివే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ఎంజైము వాటిపై సరిగా కుదురుకోదు. రాగి అయాన్‌ను పట్టుకున్న క్యూ-ఆర్ ప్రోటీన్ అక్కడి డీఎన్‌ఏను మెలితిప్పినప్పుడే గుర్తులు సరైన వరుసలోకి వస్తాయి.

ఎవరైనా తీసుకుని ఇతర ముక్కలతో ఒకే పద్ధతిలో జోడించి వాడుకోగల డీఎన్‌ఏ ముక్కనే ప్రామాణిక భాగం అంటారు. దాన్ని తయారుచేయడానికి ముందుగా సంస్థ జీవభద్రతా కమిటీ అనుమతి తీసుకోవాలి.

తర్వాత ప్రమోటర్ అక్షరాల వరుసలో, డీఎన్‌ఏను కత్తిరించే ఎకోఆర్-1, ఎక్స్‌బా-1, స్పీ-1, పీఎస్‌టీ-1, నాట్-1 ఎంజైములు కోసే చోట్లు లేవని కంప్యూటర్‌లో సరిచూడాలి. ఉంటే ఒక అక్షరం మార్చి తొలగించవచ్చు గాని, క్యూ-ఆర్ అతుక్కునే చోటును మాత్రం ముట్టుకోరాదు. వరుసకు ముందు ఎకోఆర్, నాట్, ఎక్స్‌బా చోట్లను, వెనుక స్పీ, నాట్, పీఎస్‌టీ చోట్లను చేర్చి డీఎన్‌ఏను తయారుచేయించుకోవాలి. ఎక్స్‌బా, స్పీ కోసిన అంచులు ఒకదానితో ఒకటి అతుకుతాయి కాని, అతికిన చోటును ఆ రెండూ మళ్ళీ కోయలేవు. కొత్త భాగాలను ఒకే పద్ధతిలో జోడిస్తూ పోవడానికి వీలు కల్పించేది ఇదే.

ఈ ముక్క వెనుక ప్రోటీన్‌ను తయారుచేసే రైబోజోమ్ అతుక్కునే చోటు, పచ్చగా వెలిగే జీఎఫ్‌పీ జన్యువు, చదవడం ఆపమని చెప్పే టెర్మినేటర్ అమర్చి, ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్‌ఏలో పెట్టి, ప్రయోగశాలల్లో వాడే కె-12 రకం ఇ. కోలైలోకి పంపి, వరుసను చదివించి నిర్ధారించుకోవాలి. ప్లాస్మిడ్ ప్రతులు మరీ ఎక్కువైతే కణంలోని క్యూ-ఆర్ వాటన్నిటికీ చాలకపోవచ్చు కనుక తక్కువ ప్రతుల ప్లాస్మిడ్ మేలు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నా దృష్టిలో కోత చోట్ల అమరిక సగం పనే. మరొకరి ప్రయోగశాలలో పోల్చదగిన కొలత లేనిదే అది ప్రామాణిక భాగం కాదు. బ్యాక్టీరియాను పెంచే ఎల్‌బీ మాధ్యమంలోని అమైనో ఆమ్లాలు రాగిని పట్టేస్తాయి కాబట్టి ఎం9 అనే లవణాల మాధ్యమం వాడి, కాపర్ సల్ఫేట్‌ను 0 నుంచి 100 మైక్రోమోలార్ వరకు మెట్లుమెట్లుగా కలపాలి. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 సడలించిన గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 24 మైక్రోమోలార్. ఆ చుట్టుపక్కల మెట్లు దగ్గరదగ్గరగా ఉండాలి. వెలుగును 600 నానోమీటర్ల వద్ద కొలిచిన కల్చర్ సాంద్రతతో భాగించి, అదే రోజు అదే యంత్రంపై పోలికకు ప్రమాణంగా వాడే జే23101 ప్రమోటర్ ఇచ్చిన విలువతో పోల్చి నిష్పత్తిగా రాయాలి. రాగి లేనప్పటి వెలుగును దాచకుండా నమోదు చేయాలి.

క్యూ-ఆర్ వెండికీ స్పందిస్తుంది. కనుక వెండి చెంబు నీటిని పరీక్షిస్తే రాగి ఉన్నట్లు పొరపడే ప్రమాదముంది. వెండి, జింక్ లవణాలతో విడిగా పరీక్షించి ఫలితాలను భాగం వివరపత్రంలో చేర్చాలి.

వాడిన కల్చర్లను ఆటోక్లేవ్ చేస్తే, అంటే ఒత్తిడిలో ఆవిరితో వేడిచేస్తే, బ్యాక్టీరియా చస్తుంది గాని రాగి పోదు. ఆ ద్రవాన్ని సింకులో పోయకుండా రసాయన వ్యర్థాల డబ్బాలో వేయాలి.