వెనక కాలి మీద దువ్వెన: జన్యువు మూత జారితే కంటితో చూడటం ఎలా

ఏళ్లుగా జన్యుశాస్త్రం ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. "ఆ జన్యువు ఆఫ్ అయింది" అని ఎవరైనా రాస్తే ఒకటే అడుగుతాను: ఆపింది ఎవరు? ఆ తర్వాత ఇన్ని రోజులూ ఆపి ఉంచింది ఎవరు? రెండో ప్రశ్నకు జవాబు పండు ఈగ కాలి మీదే కనిపిస్తుంది.

ముందు మామూలు మగ ఈగను కార్బన్ డయాక్సైడ్‌తో మత్తులో పెట్టి, మెత్తటి బ్రష్‌తో వెల్లకిలా తిప్పి స్టీరియో మైక్రోస్కోపులో చూడండి. ముందుకాళ్ల మీద నల్లటి, బిరుసైన పళ్ల వరుస ఉంటుంది, సుమారు పది పన్నెండు పళ్లు. అదే దువ్వెన. మధ్య కాళ్లకూ వెనక కాళ్లకూ అది ఉండదు. హాక్స్ జన్యువులంటే శరీరంలో ఏ ఖండం ఏ రూపు తీసుకోవాలో చెప్పేవి. దువ్వెన రావడానికి కావలసిన ఎస్‌సీఆర్ అనే హాక్స్ జన్యువు అక్కడ మూతపడి ఉంటుంది. ఈ బొమ్మ మనసులో పడేదాకా ముందుకు పోవద్దు.

ఇప్పుడు సంకరణం. ఆ మూతను కాపాడే జన్యువుల్లో ఒకటి పాలీకోంబ్. దాని ఉత్పరివర్తనం రెండు ప్రతుల్లోనూ ఉంటే ఈగ పిండంగానే చనిపోతుంది. అందుకే ఆ స్టాకును టీఎం3 స్టబుల్ బాలెన్సర్ మీద పెంచుతారు. బాలెన్సర్ అంటే ఉత్పరివర్తనం తరాల్లో జారిపోకుండా కాపాడే ప్రత్యేక క్రోమోజోమ్; స్టబుల్ అంటే దాని మీదున్న పొట్టి వెంట్రుకల గుర్తు. ఆ స్టాకులోని మగవాటిని మామూలు కన్నె ఆడ ఈగలతో కలపండి. కన్నెవి దొరకాలంటే 25 డిగ్రీల దగ్గర కోశం విడిచిన ఎనిమిది గంటల్లోపు ఏరాలి. ఒళ్లు పాలిపోయి, పొట్టలో నల్లటి చుక్క కనబడేవి ఖాయంగా కన్నెవే. ఒకసారి తొందరలో అప్పటికే జతకట్టినవి కలిపేశాను. స్టబుల్ గుర్తు లేని మగవి కుప్పలుగా వచ్చాయి, వాటికి అదనపు దువ్వెన మాత్రం లేదు. రెండు వారాల పని పోయింది.

పది రోజుల తర్వాత పిల్లలు బయటికొస్తాయి. వీపు మీద వెంట్రుకలు పొట్టిగా, మొద్దుగా ఉన్నవి స్టబుల్ ఈగలు, అంటే బాలెన్సర్ వచ్చినవి. వాటిని పారేయకండి, మీ పోలికకు అవే ఆధారం. మామూలు వెంట్రుకలున్నవాటికి పాలీకోంబ్ ఉత్పరివర్తనం వచ్చింది; వాటిలో మగవాటికి మధ్య కాళ్లూ వెనక కాళ్లూ చూడండి. అక్కడ దువ్వెన పళ్లు కనిపిస్తాయి! ఒక్కో ఈగకు ఒక్కో లెక్క: కొన్నింటికి నిండు వరుస, కొన్నింటికి రెండు మూడు పళ్లే. ప్రతి కాలినీ విడిగా లెక్కించి రాయండి, సగటు తర్వాత చూసుకోవచ్చు. ఆ ఎగుడుదిగుడులోనే అసలు సంగతి ఉంది.

పామెలా లూయిస్ 1947లో ఈ ఉత్పరివర్తనాన్ని వర్ణించారు. పాలీకోంబ్ అంటేనే పలు దువ్వెనలు. అది హాక్స్ జన్యువులను అణచి ఉంచేదని 1978లో ఎడ్వర్డ్ లూయిస్ ప్రతిపాదించారు.

లోపల జరిగేది ఇదీ. పిండం తొలి గంటల్లో హంచ్‌బ్యాక్ లాంటి ప్రోటీన్లు ఏ ఖండంలో ఏ హాక్స్ జన్యువు మూయాలో తేల్చేసి, కాసేపటికి మాయమవుతాయి. కాలు రూపు దిద్దుకునేది ప్యూపాలో, రోజుల తర్వాత. ఈలోగా కణం ఎన్నోసార్లు విభజన చెందుతుంది. ఆ మూతను కాపాడేవి పాలీకోంబ్ బృందాలు, అంటే కలిసి పనిచేసే ప్రోటీన్ల గుంపులు. వాటిలో ఒకటైన పీఆర్‌సీ2, డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్లలో ఒకటైన హెచ్3లో 27వ స్థానంలోని లైసిన్ అనే అమైనో ఆమ్లానికి మూడు మిథైల్ గుంపులు తగిలిస్తుంది. డీఎన్ఏ నకలు తీసినప్పుడు పాత హిస్టోన్లు రెండు పోగులకూ పంచుకుపోతాయి. మిగిలిన గుర్తులను పట్టుకుని పీఆర్‌సీ2 పక్కవాటి మీదా అదే గుర్తు వేస్తుంది. ఆ గుర్తును పట్టుకునే ప్రోటీనే పాలీకోంబ్. 2013లో ఆ లైసిన్ స్థానంలో ఆర్జినిన్ అనే వేరే అమైనో ఆమ్లం పెట్టి చూస్తే, పీఆర్‌సీ2 లేనట్టే హాక్స్ జన్యువులు తెరుచుకున్నాయి.

మీ ఈగల్లో పాలీకోంబ్ ఒక ప్రతి బాగానే ఉంది, తగ్గింది సగమే. ఆ సగం చాలక కొన్ని కణాలు తామెవరో మరిచిపోయాయి. ఈ మాట విద్యార్థులకు చెప్పకండి, కాలు చూపించి వాళ్ల చేతే అనిపించండి.

ఓపిక ఉంటే మరో సంకరణం చేయండి. జన్యువులను తెరిచి ఉంచే వైపు పనిచేసే బ్రహ్మ జన్యువులో ఉత్పరివర్తనం ఉన్న ఆడవాటిని ఇవే మగవాటితో కలిపి, రెండు బాలెన్సర్ల గుర్తులూ లేని మగవాటిని ఏరండి. వెనక కాళ్ల మీద దువ్వెన పళ్లు తగ్గుతాయి. మొదటి లెక్క పక్కనే ఈ లెక్కా రాయండి.