టీ కణం లెక్కలు – 4వ పాఠం: ఎన్నిసార్లు చీలిందో గ్రాఫ్‌లో చదవడం

పోయిన పాఠంలో టీ కణాలకు (రోగాలతో పోరాడే ఒక రకం తెల్లకణాలకు) సీఎఫ్‌ఎస్‌ఈ అనే మెరిసే రంగు పట్టించాం. నాలుగు రోజుల తర్వాత, ఒక్కో కణం మెరుపును కొలిచే ఫ్లో సైటోమీటర్ యంత్రం ఇచ్చే గ్రాఫ్‌ను ఈసారి చదువుదాం. కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.

ఈ రంగు కణం లోపలి ప్రోటీన్లను పట్టుకుని ఉంటుంది. కణం చీలినప్పుడల్లా పిల్లలకు చెరి సగం పోతుంది. తల్లి మెరుపు 1600 అయితే పిల్లలది 800, మనవలది 400. గ్రాఫ్‌లో కుడి చివరి గుట్ట అసలు చీలని కణాలది. అక్కడి నుంచి ఎడమకు ఒక్కో గుట్ట ఒక్కో తరం. ఏడెనిమిది తరాలు దాటితే రంగు బాగా పలచబడిపోతుంది, ఆపైన లెక్కపెట్టకండి.

మన దగ్గర మూడు ట్యూబులున్నాయి. మూడింట్లోనూ వేరుచేసిన టీ కణాలే. (టీ కణం బాగా చీలాలంటే రెండు సంకేతాలు కావాలి: ఒకటి దాని గ్రాహకం ద్వారా, రెండోది దాని మీదే ఉండే సీడీ28 ద్వారా. వేరే తెల్లకణాలు కలిసుంటే అవి రెండో సంకేతాన్ని అందించేస్తాయి, ప్రయోగం పాడవుతుంది.)

మొదటి ట్యూబులో, గ్రాహకంతో జతగా ఉండే సీడీ3ని పట్టుకునే యాంటీబాడీతో గ్రాహకాన్ని మాత్రమే తట్టాం. గుట్ట దాదాపు కుడివైపే ఉండిపోయింది. అనంతపురంలో వేరుశెనగ వేసిన ఇళ్ల పిల్లలకు ఇది చెప్పగానే అర్థమవుతుంది. తొలి పదునుకు విత్తు మొలుస్తుంది. తర్వాత వాన మొహం చాటేస్తే చేను బెట్టకొస్తుంది. మొక్క చావదు, ఊడలూ దిగవు. ఒక్క సంకేతమే అందిన టీ కణం పరిస్థితీ అదే, దీన్ని అనర్జీ అంటారు. కాకపోతే ఆలస్యంగా వాన పడినా చేను ఎంతో కొంత తేరుకుంటుంది. ఈ కణం మాత్రం తర్వాత రెండు సంకేతాలూ ఇచ్చినా సరిగా పలకదు.

రెండో ట్యూబులో సీడీ28ని కూడా తట్టాం. కణాలు, చీలమని చెప్పే ఐఎల్-2 అనే ప్రోటీన్‌ను జోరుగా తయారుచేసుకుని, విడిచినదాన్ని తామే అందుకుని చీలుతూ పోయాయి. గుట్టలు ఇలా వచ్చాయి: చీలనివి 400, మొదటి తరం 200, రెండో తరం 400, మూడో తరం 800. మొత్తం 1800లో 1400 చీలినవే కదా, 78 శాతం అని చాలామంది రాసేస్తారు. తప్పు. మూడో తరంలో ఒక్క తల్లికి ఎనిమిది మంది వారసులు. 800ని 8తో, 400ని 4తో, 200ని 2తో భాగిస్తే తల్లులు వందేసి చొప్పున 300. చీలనివి 400 కలిపితే 700. అంటే చీలింది 43 శాతమే.

నేను ఒకసారి ఇంకా ఘోరంగా దెబ్బతిన్నాను. ఏ సంకేతమూ ఇవ్వని ట్యూబు పెట్టడం మరిచిపోయి, మొదటి తరం గుట్టనే సున్నా అనుకున్నాను. రాత్రంతా వేసిన లెక్క ఒక తరం తప్పింది. ఆ ట్యూబు లేకుండా గ్రాఫ్ ముట్టుకోకండి.

మూడో ట్యూబులో ఈ రెండింటితో పాటు, టీ కణం మీదే ఉండే సీటీఎల్‌ఏ-4 అనే మరో గ్రాహకాన్ని కూడా తట్టాం. దాన్ని బ్రేకు అంటారు గానీ నాకది సీటు లాక్కునే రకంలా కనిపిస్తుంది. శరీరంలో వేరే తెల్లకణాల మీద ఉండే, సీడీ28 పట్టుకోవాల్సిన బీ7 అణువులనే ఇది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. 1995లో ఈ జన్యువు తీసేసిన ఎలుకల్లో టీ కణాలు అదుపు లేకుండా పెరిగి, పుట్టిన మూడు నాలుగు వారాలకే ఆ ఎలుకలు చనిపోయాయి. ఇదే పట్టును యాంటీబాడీతో విడిపిస్తే టీ కణాలు క్యాన్సర్ మీద పడతాయని చూపిన జేమ్స్ అలిసన్‌కు, పీడీ-1 అనే మరో బ్రేకును కనిపెట్టిన తసుకు హోంజోకు కలిపి 2018లో నోబెల్ ఇచ్చారు.

ఇక మీ వంతు. మూడో ట్యూబు అంకెలివి: చీలనివి 900, మొదటి తరం 160, రెండో తరం 80. ఎంత శాతం తల్లులు చీలాయి? 10 వస్తే సరే. 21 వచ్చిందంటే మళ్లీ పిల్లల్నే లెక్కపెట్టారన్నమాట.