ఆర్డర్ వచ్చినా కొడుకు డబ్బు వెయ్యకపోతే: ఏ కాగితం పనిచేసింది

2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద తిరుపతి ఆర్డీవో దగ్గర నెలకు ఇంత అని ఆర్డర్ వచ్చింది. రెండు నెలలు డబ్బు పడింది, తర్వాత ఆగిపోయింది. ఫోన్లు, పెద్దమనుషుల మాట, స్టేషన్‌లో అర్జీ: ఏదీ పనిచెయ్యలేదు.

పనిచేసింది 11వ సెక్షన్ కింద అమలు అర్జీ. ముందు పాస్‌బుక్ ఆ రోజు వరకు ప్రింట్ వేయించి, డబ్బు పడాల్సిన నెలల దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టాం. తర్వాత తెల్లకాగితం మీద ఏ నెల, ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎంత బాకీ అని నాలుగు గడులు. ఆర్డర్ కాపీ జతచేసి అదే ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకున్నాం. ఆ ముద్ర లేకుండా ఇంటికి రావద్దు.

ఎందుకంటే బాకీ పడిన రోజు నుంచి మూడు నెలల్లోపు అడగకపోతే ఆ నెల డబ్బు వసూలుకు వారెంట్ ఇవ్వరు. "పండక్కి వస్తాడులే, అప్పుడు అడుగుదాం" అని ఆగితే గడువు దాటిపోయేది ఇక్కడే. వారెంట్ తర్వాత కూడా కట్టకపోతే నెల వరకు జైలు వెయ్యొచ్చు. మాకు అంతదాకా పోలేదు, నోటీసు అందాక బాకీ మొత్తం పడింది.

కొడుకు బెంగళూరులో ఉన్నా అమ్మానాన్న ఉండే చోటే కేసు వెయ్యొచ్చు. విదేశంలో ఉంటే మాత్రం ఇంత తేలిగ్గా తెమలదనే అనుకుంటున్నా.