తుపాను వస్తోంది, చేతిలో రైలు టికెట్ ఉంది: ఏం చేయాలి, ఏం చేయకూడదు

బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో స్క్రోలింగ్ మొదలవగానే మా ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న వాన గురించి కాదు, "మరి మన రైలు ఉంటుందా?" అని. మాది శ్రీకాకుళం వైపు, ఉద్యోగం హైదరాబాద్‌లో. దసరా, దీపావళి, కార్తీకమాసం అన్నీ సరిగ్గా తుపాన్ల సీజన్‌లోనే వస్తాయి. ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. ఆ వారంలో టికెట్ బుక్ చేసుకుంటే దేవుడికో దండం కూడా పెట్టుకోవాల్సిందే. ఇన్నేళ్లలో కొన్నిసార్లు డబ్బులు పోగొట్టుకుని, ఒకసారి రాత్రంతా రైల్లో ఇరుక్కుని తెలుసుకున్న విషయాలు ఇక్కడ రాస్తున్నా.

అన్నిటికంటే ముందు ఒక మాట. కంగారుపడి టికెట్ మీరే క్యాన్సిల్ చేసుకోకండి. రైల్వే రైలును రద్దు చేస్తే ఛార్జీ మొత్తం వెనక్కి వస్తుంది, అదే మీ అంతట మీరు క్యాన్సిల్ చేస్తే మామూలు రోజుల్లో కోసుకున్నట్టే కోసుకుంటారు, పైగా బయల్దేరే టైమ్ దగ్గరపడేకొద్దీ ఆ కోత పెరుగుతుంది. 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినప్పుడు మా బావమరిది చేసింది ఇదే. నలుగురికి థర్డ్ ఏసీ టికెట్లు, పొద్దున్నే వార్తలు చూసి టెన్షన్‌తో క్యాన్సిల్ కొట్టేశాడు, సాయంత్రానికి ఆ రైలే రద్దయింది. ఒక్క పూట ఆగి ఉంటే ఆ కోత పడేది కాదు. ఒకవేళ రైలు నడిచినా సరే మేం వెళ్లం, ఇంట్లో పెద్దవాళ్లున్నారు, పసిపిల్లలున్నారు అని గట్టిగా అనుకుంటే మాత్రం వీలైనంత ముందుగా చేసేయండి, అది వేరే లెక్క.

మరి ఎప్పటిదాకా ఆగాలి అంటే, వాతావరణ శాఖ హెచ్చరికలు దశలవారీగా వస్తాయి. తీరానికి చేరే 72 గంటల ముందు మొదటి సూచన, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్, దాటడానికి 12 గంటల ముందు లోపలి జిల్లాల మీద ప్రభావం ఎలా ఉంటుందో చెప్పేది. రైల్వే వాళ్ల రద్దు జాబితాలు కూడా దాదాపు ఈ వరసలోనే, చాలాసార్లు తుపాను తాకే ముందు రోజు, ఒక్కోసారి అంతకన్నా ముందే బయటికొస్తాయి. ఒకటే జాబితాతో అయిపోదు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఇంకొకటి, మర్నాడు దానికి సవరణ. కాబట్టి మొదటి లిస్టులో మీ రైలు లేదని సంబరపడిపోవద్దు.

మీ రైలుకి ముప్పు ఉందో లేదో మీరే అంచనా వేసుకోవచ్చు. హౌరా-చెన్నై లైను మ్యాప్‌లో చూస్తే సముద్రాన్ని ఆనుకున్నట్టే ఉంటుంది. కళింగపట్నం నుంచి గోపాల్‌పూర్ మధ్య తీరం దాటుతుందంటే విశాఖ నుంచి పలాస, బరంపురం, ఖుర్దా రోడ్ వైపు దెబ్బ. కాకినాడ, నర్సాపురం వైపైతే విశాఖ-విజయవాడ మధ్య. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర దాటింది, అలాంటప్పుడు తెనాలి, చీరాల, ఒంగోలు, నెల్లూరు ఉన్న విజయవాడ-గూడూరు లైను. అరకు వెళ్లే కొత్తవలస-కిరండూల్ లైను సంగతి వేరు. అక్కడ గాలికంటే కొండ మీంచి దొర్లిపడే బండరాళ్లతో బాధ, వాన తగ్గిన తర్వాత కూడా పడతాయి. తుపాను వారంలో అరకు ట్రిప్ పెట్టుకున్నవాళ్లు హోటల్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి.

అయితే చాలామంది పొరబడేది ఇక్కడ కాదు, తర్వాతి రోజుల్లో. తుపాను పోయింది, ఎండ కూడా కాస్తోంది, రెండు రోజుల తర్వాత మీ ప్రయాణం, మీ దారిలో ఎక్కడా ఇబ్బంది లేదు, అయినా రైలు రద్దు. ఎందుకు? ఎందుకంటే రైలంటే నంబరు కాదు, పెట్టెలు. వాటినే రేక్ అంటారు. అటు వెళ్లిన రేకే కొన్ని గంటలు ఆగి, కడిగించుకుని, నీళ్లు పట్టించుకుని ఇంకో నంబరుతో ఇటు వస్తుంది. సోమవారం హౌరా వైపు నుంచి బయల్దేరాల్సిన రైలు రద్దయిందంటే, ఆ పెట్టెలు మంగళవారం దక్షిణాదికి చేరవు, చేరకపోతే అక్కణ్నుంచి బుధవారం వెనక్కి బయల్దేరాల్సిన రైలుకి పెట్టెలే ఉండవు. మొదటి రద్దు తుపాను వల్ల, రెండో రద్దు మొదటి రద్దు వల్ల. అందుకని మీ రైలు ఎక్కడ పుడుతుందో, దాని జోడీ రైలు ఏదో చూసుకోండి, ఆ జోడీ రైలు నిన్న బయల్దేరిందా లేదా అన్నది చూస్తే రేపటి మీ రైలు జాతకం సగం తెలిసిపోతుంది. నేనైతే తుపాను తీరం దాటిన రోజు కలిపి నాలుగు రోజులు దూరప్రాంతపు రైళ్లను నమ్ముకోను. సికింద్రాబాద్-విశాఖ లాంటి దగ్గర రూట్ల రైళ్లు వాటికంటే ముందు తేరుకుంటాయి.

జాబితా చూడటంలో ఒక మెలిక ఉంది, దీని దగ్గర పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా బోల్తా పడతారు. రైల్వే ప్రకటనల్లో తేదీ పక్కన జేసీఓ అని మూడక్షరాలుంటాయి. అంటే ఆ తేదీన మొదటి స్టేషన్లో బయల్దేరే రైలు అని. మీ స్టేషన్‌కి వచ్చే తేదీ కాదు. బెంగాల్‌లో 27 రాత్రి బయల్దేరిన రైలు విశాఖకి 28న వస్తుంది. మీ టికెట్ మీద 28 అని ఉంటుంది, ప్రకటనలో 27 రద్దు అని ఉంటుంది. మీరు "మనది 28 కదా, మనకేం కాదు" అనుకుని బ్యాగులు సర్దుకుంటారు. నిజానికి పోయింది మీ రైలే. రైలు ఎక్కడుందో చూపించే రైల్వే వాళ్ల ఎన్‌టీఈఎస్ యాప్‌లో చూసినా అంతే, రైలు బయల్దేరిన తేదీ సరిగ్గా ఎంచుకోకపోతే వేరే రోజు రైలు వివరాలు చూపిస్తుంది. రద్దయినవి, దారి మళ్లించినవి, టైమ్ మార్చినవి అందులో విడివిడిగా ఉంటాయి. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసినా చెబుతారు, కాకపోతే ఆ రోజుల్లో లైన్ దొరకడం కష్టం. వాట్సాప్‌లో తిరిగే ఫొటో జాబితాలను మాత్రం నమ్మొద్దు. పాత తుపాను జాబితా మళ్లీ చక్కర్లు కొట్టడం నేను చాలాసార్లు చూశా, తేదీ కత్తిరించేసి మరీ పంపుతారు.

రద్దు కాకుండా మిగతా మూడు మాటల అర్థం కూడా తెలిసుండాలి. రీషెడ్యూల్ అంటే ఆలస్యంగా బయల్దేరుతుంది, అంతే. పాక్షికంగా రద్దు అంటే మధ్యలో ఏదో స్టేషన్లో ఆపేస్తారు లేదా మధ్య స్టేషన్ నుంచే మొదలుపెడతారు. చెన్నైలో ఇది తరచూ జరుగుతుంది. బేసిన్ బ్రిడ్జి, వ్యాసర్‌పాడి మధ్య 14వ నంబరు వంతెన దగ్గర నీళ్లు పెరిగితే సెంట్రల్ స్టేషన్లోకి రైళ్లు రాలేవు, దాంతో పెరంబూరు, ఆవడి లాంటి చోట్ల ఆపేయడం, అక్కణ్నుంచే బయల్దేర్చడం. సెంట్రల్లో కూర్చుని ఎదురుచూస్తే లాభం లేదు, మెసేజ్ చదువుకోవాలి. అందుకే బుకింగ్‌లో మీ సొంత ఫోన్ నంబరే ఇవ్వండి. ఏజెంటు నంబరు ఇస్తే ఆ మెసేజ్‌లన్నీ ఆయనకే వెళ్తాయి.

మూడోది దారి మళ్లింపు. పైకి చూస్తే మంచివార్తలాగే ఉంటుంది, రైలు నడుస్తోంది కదా అని. కానీ ఏలూరు లైను బాగాలేదని విజయవాడ నుంచి గుడివాడ, భీమవరం టౌన్ మీదుగా నిడదవోలుకి పంపితే ఏలూరు, తాడేపల్లిగూడెం వాళ్లకి ఆ రైలు ఉన్నా లేనట్టే. ఇంకా పెద్ద మళ్లింపులూ ఉన్నాయి. విజయనగరం నుంచి రాయగడ, టిట్లాగఢ్, రాయ్‌పూర్, నాగపూర్, బల్లార్షా, కాజీపేట అని చుట్టించి తెస్తారు. అప్పుడు మధ్యలో కోస్తా మొత్తం మాయం. మీ స్టేషన్ కొత్త దారిలో ఉందో లేదో చూసుకోకుండా ప్లాట్‌ఫామ్ మీదికి వెళ్లకండి.

"కాస్త గాలికే రైళ్లు ఆపేయాలా" అనేవాళ్లు ప్రతి తుపానుకీ ఉంటారు. గాలికి చెట్టు విరిగి కరెంటు తీగ మీద పడితే లైను మొత్తం ఆగుతుంది, డీజిల్ ఇంజిన్ వచ్చి లాక్కెళ్తే తప్ప కదలదు. ఇది చిన్న సమస్య. పెద్దది నీళ్లు. పట్టాల కింద కంకర, దాని కింద మట్టికట్ట. కట్టకి ఒకవైపు నీళ్లు నిలిచి, ఇంకోవైపుకి పొర్లితే కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు, స్లీపర్లు మాత్రం గాల్లో వేలాడుతూ ఉంటాయి. 2024 సెప్టెంబరు మొదట్లో వాయుగుండం వానలకి కేసముద్రం, ఇంటికన్నె మధ్య ఇదే జరిగింది. దూరం నుంచి చూస్తే పట్టాలు ఉన్నట్టే కనిపిస్తాయి, రాత్రిపూట డ్రైవర్‌కి ఏం తెలుస్తుంది? 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర చిన్న వంతెన వరదకి కొట్టుకుపోయింది, డెల్టా ప్యాసింజర్ అందులో పడి వంద మందికి పైగా చనిపోయారు. ఆ రోజు తర్వాత నేను రైలు ఆలస్యమైందని ఎవరినీ తిట్టలేదు.

ఇక రైలెక్కేశారు, మధ్యలో ఆగిపోయింది. మాకు ఓసారి సామర్లకోట దాటాక ఒక చిన్న స్టేషన్లో రాత్రి పదకొండుకి ఆపి తెల్లవారి ఏడుకి వదిలారు. మొదటి రెండు గంటలు అందరూ సరదాగానే ఉన్నారు. ఒంటిగంటకి ప్యాంట్రీలో టీ అయిపోయింది, మూడింటికి బాత్‌రూముల్లో నీళ్లు అయిపోయాయి, నాలుగింటికి సగం ఫోన్లు ఆఫ్. పక్క బెర్తు పెద్దాయన బీపీ మాత్రలు పెట్టిన సూట్‌కేసు అడుగు బెర్తు కిందికి తోసేశాడు, చీకట్లో పదిమంది సామాను బయటికి లాగితే గానీ అది దొరకలేదు. కిటికీలోంచి చూస్తే రెయిన్‌కోటు వేసుకున్న ఇద్దరు గ్యాంగ్‌మెన్ టార్చి పట్టాల మీద వేసుకుంటూ, అడుగడుక్కీ వంగి చూసుకుంటూ ఇంజిన్ ముందు నడిచిపోతున్నారు. వాళ్లు అవతలి స్టేషన్‌కి చేరి బాగుందని చెబితే గానీ మా రైలు కదల్లేదు, కదిలాక కూడా మనిషి నడిచినంత స్పీడే.

అందుకే మాత్రలు, టార్చి, పవర్‌బ్యాంకు చేతిసంచిలో పెట్టుకోండి, సూట్‌కేసులో కాదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పులిహోరో చపాతీలో ఒక పూటకి అదనంగా, చిన్నపిల్లలుంటే పాలపొడి. వెయ్యి, రెండువేలు నగదుగా ఉంచుకోండి, అందులో చిల్లర ఉండాలి. టవర్లు పడిపోతే ఫోన్ పే, గూగుల్ పే ఏదీ పనిచేయదు, హుద్‌హుద్ తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేక జనం ఎంత అవస్థపడ్డారో చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. టికెట్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పీఎన్ఆర్ నంబరు కాగితం మీద కూడా రాసుకోండి.

రైలు ఊళ్ల మధ్యలో ఆగితే దిగి నడవొద్దు, ఆ నీళ్లలో కట్ట ఎక్కడ తెగిందో, తెగిపడ్డ తీగ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. స్టేషన్లో ఆగితే దిగి స్టేషన్ మాస్టర్ దగ్గరికి వెళ్లండి, కానీ "ఎప్పుడు కదులుతుంది" అని అడక్కండి, దానికి ఆయన దగ్గరా జవాబు ఉండదు. "ముందు లైను చెక్ చేస్తున్నారా, లేక ఇక్కడే టెర్మినేట్ చేసే ఆలోచన ఉందా?" అని అడగండి. మొదటిదైతే రైల్లోనే ఉండండి. రెండోదైతే, అందరికంటే ముందు ఆర్టీసీ బస్సు చూసుకునే టైమ్ మీకు దొరుకుతుంది. బస్సు ఎక్కేముందు కూడా రోడ్డు సంగతి కనుక్కోండి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు దగ్గర పడుగుపాడులో పట్టాలు కొట్టుకుపోయాయి, హైవే కూడా తెగింది. లైను ఆపిన నీళ్లే రోడ్డునూ ఆపుతాయి.

డబ్బుల సంగతి. ఆన్‌లైన్ టికెట్ అయి, రైలు పూర్తిగా రద్దయితే మీరేం చేయక్కర్లేదు, డబ్బులు కట్టిన ఖాతాలోకే వాటంతట అవే వస్తాయి, కొన్ని రోజులు పడుతుంది. మిగతా కేసుల్లోనే టీడీఆర్, అంటే డబ్బులు వెనక్కి ఇవ్వమని అడిగే దరఖాస్తు వేయాలి, అది ఐఆర్‌సీటీసీ ఖాతాలోనే ఉంటుంది. దారి మళ్లించారు, మీరు ఎక్కలేదు, అప్పుడు 72 గంటల్లోపు వేయాలి. గమ్యం చేరకుండా మధ్యలో ఆపేశారు, దానికీ విడిగా ఒక కారణం జాబితాలో ఉంటుంది, అదే ఎంచుకోండి. రైలు మూడు గంటలకు మించి ఆలస్యం, మీరు వెళ్లదలచుకోలేదు, అలాంటప్పుడు మాత్రం మీ స్టేషన్ నుంచి రైలు బయల్దేరకముందే వేసేయాలి, రేపు చూద్దాంలే అంటే పోయినట్టే. ఏ కారణం ఎంచుకున్నారో దాన్నిబట్టే డబ్బులు వస్తాయి, కాబట్టి కంగారులో జాబితాలో మొదట కనపడిందేదో నొక్కేయకండి. యాప్‌లో ఆలస్యం చూపిస్తున్న స్క్రీన్‌షాట్ కూడా తీసి పెట్టుకోండి.

కౌంటర్లో కొన్న టికెట్‌కి ఇవేవీ పనిచేయవు. రైలు రద్దయినా డబ్బులు వాటంతట అవి రావు, రైలు బయల్దేరాల్సిన రోజు నుంచి మూడు రోజుల్లోపు ఆ కాగితం పట్టుకెళ్లి రిజర్వేషన్ కౌంటర్లో ఇస్తేనే ఇస్తారు. మా అమ్మ ఇప్పటికీ కౌంటర్ టికెట్టే కొంటుంది, దాన్ని మడిచి పర్సులో పెడుతుంది, తుపాను వానలో ఆ పర్సు తడుస్తుంది. కొన్న రోజే దాన్ని ఒక ప్లాస్టిక్ కవర్లో వేసేయండి.